ఇవ్వని ఉద్యోగాల సంగతి

ఎంసెట్ పేరు ఈఏపీసెట్ అయింది గానీ, ర్యాంకు వచ్చిన రాత్రి ఇళ్లలో జరిగే చర్చ మారలేదు. వెబ్ ఆప్షన్లు పెట్టుకునే నాలుగు రోజులూ మేనమామ ఒక మాట చెబుతాడు, డాలస్‌లో ఉన్న పెదనాన్నగారి అబ్బాయి వాట్సాప్‌లో ఇంకో మాట చెబుతాడు, కాలేజీ తరఫున ఫోన్ చేసే పీఆర్వో మూడో మాట చెబుతాడు. ఈ రెండు మూడేళ్లుగా ఆ చర్చలోకి కొత్త ప్రశ్న ఒకటి వచ్చి కూర్చుంది. "ఏఐ వచ్చేసింది కదండీ, ఇంక సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు ఉంటాయా?" పిల్లల్ని కంప్యూటర్ సైన్సులో చేర్పించబోతున్నవాళ్లు దిగులుగా అడుగుతారు. చేర్పించేసి, రెండేళ్ల ఫీజు కట్టేసినవాళ్లు ఇంకా దిగులుగా అడుగుతారు.

ఉంటాయి, ఉండవు అనే రెండు జవాబుల్లో ఏదో ఒకటి బల్లగుద్ది చెప్పేవాళ్లు యూట్యూబ్ నిండా ఉన్నారు. వాళ్లను కాసేపు పక్కన పెట్టి, ఈ లెక్కలు వేయడమే వృత్తిగా ఉన్నవాళ్లు ఏమంటున్నారో చూడండి. 2024లో అర్థశాస్త్రం నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఒకరైన డారన్ అసెమోగ్లు అదే ఏడాది ఒక లెక్క వేశారు. రాబోయే పదేళ్లలో కృత్రిమ మేధ వల్ల అమెరికా ఉత్పాదకత పెరిగేది 0.66 శాతానికి మించదట. ఏటా అంత అని కాదు, పదేళ్లకూ కలిపి అంతే. దానికి ఏడాది ముందు గోల్డ్‌మన్ శాక్స్ ఆర్థికవేత్తలు వేసిన లెక్కలో పదేళ్లలో ప్రపంచ జీడీపీయే 7 శాతం పెరగవచ్చు, 30 కోట్ల మంది చేసేంత పని మీద యంత్రం ప్రభావం పడవచ్చు. ఇటువాళ్లూ అటువాళ్లూ తెలివితక్కువవాళ్లేం కారు. ఒకే యంత్రాన్ని చూసి పండితులే ఇంత ఎడంగా మాట్లాడుతుంటే, మీ అబ్బాయి 2030లో ఏ సీట్లో కూర్చుంటాడో మేనమామకు తెలిసే వీలు లేదు.

యంత్రం వచ్చిన రోజుకీ, అది నలుగురి ఆదాయంగా మారిన రోజుకీ మధ్య చాలా ఏళ్లుంటాయి. న్యూయార్క్‌లో ఎడిసన్ విద్యుత్ కేంద్రం మొదలైంది 1882లో. కరెంటు వల్ల అమెరికా ఫ్యాక్టరీల ఉత్పత్తి నిజంగా ఊపందుకున్నది 1920లలో. అన్నాళ్లు ఎందుకు పట్టిందో పాల్ డేవిడ్ అనే ఆర్థిక చరిత్రకారుడు 1990లో రాశాడు. మొదట్లో యజమానులు ఆవిరి యంత్రాన్ని పీకేసి, అదే చోట పెద్ద మోటారు బిగించి ఊరుకున్నారు. అదే పొడుగాటి ఇరుసు, అవే బెల్టులు, వాటి చుట్టూ ఇరుకిరుగ్గా అదే షెడ్డు. ఒక్కో మిషనుకూ ఒక్కో చిన్న మోటారు పెట్టి, పని సాగే వరసలో షెడ్డును మళ్లీ కట్టుకున్నాకే లాభం కళ్లబడింది. మన ఆఫీసులు ఇవాళ ఆ పాత షెడ్డు దశలోనే ఉన్నాయని నా అంచనా. ఏఐ గురించి ఇంత గోల జరుగుతున్నా, ఒక్కో ఆఫీసులో పని నడిచే తీరు పెద్దగా మారకపోవడానికి కారణం అదే.

సరే, వృద్ధిరేటు సంగతి ఢిల్లీలో వాళ్లు చూసుకుంటారు. మీ బెంగ పిల్లల ఉద్యోగం గురించి. దానికి మన బ్యాంకుల కథ కన్నా మంచి పాఠం లేదు.

1980లలో బ్యాంకుల్లో యంత్రాలు పెడతామన్నప్పుడు యూనియన్లు ఎంత గట్టిగా ఎదురుతిరిగాయో, ఆనాటి ఉద్యోగి ఎవరైనా మీ ఇంట్లో ఉంటే అడగండి. 1984లో బ్యాంకుల యాంత్రీకరణ మీద సిఫార్సులు చేసిన కమిటీకి అధ్యక్షుడు సి. రంగరాజన్. తర్వాత రిజర్వు బ్యాంకుకూ, ఆపైన మన ఆంధ్రప్రదేశ్‌కూ గవర్నరుగా చేసింది ఆయనే. శాఖల్లోకి లెడ్జర్ పోస్టింగ్ మెషిన్లు వచ్చాయి, తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. అవి వచ్చాయని కౌంటర్లో కూర్చున్న గుమస్తాను ఎవరూ లేపి ఇంటికి పంపలేదు. ఆయన జీతం, డీఏ, ఎల్‌టీసీ ఎప్పట్లాగే నడిచాయి. 2000-01లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం పెడితే ప్రభుత్వ బ్యాంకుల నుంచి సుమారు లక్ష మంది డబ్బు తీసుకుని తమంతట తామే వెళ్లారు. అయితే ఆ ఖాళీలు చాలాకాలం ఖాళీలుగానే ఉన్నాయి. నియామకాలు చూసే బీఎస్ఆర్‌బీలను 2001లో ఎత్తేశారు. బ్యాంకులన్నిటికీ కలిపి ఐబీపీఎస్ పరీక్ష మొదలైంది 2011లో. నోటిఫికేషన్లు అరకొరగా వచ్చిన ఆ పదేళ్లలో డిగ్రీ చేతికొచ్చి, బ్యాంకు టెస్టు పుస్తకాలు ముందేసుకుని, వయోపరిమితి దాటిపోయినవాళ్లు మన ఊళ్లలో ఎంతమందో. వాళ్లను ఉద్యోగంలోంచి ఎవరూ తీసేయలేదు. అసలు ఇవ్వనే లేదు.

తీసేసిన ఉద్యోగం పేపర్లో వస్తుంది. ఇవ్వని ఉద్యోగం రాదు. మన భయాలు మాత్రం పేపర్లో వచ్చినదాన్ని బట్టే నడుస్తాయి. 2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతం మందిని, అంటే సుమారు 12 వేల మందిని తగ్గించుకుంటామని ప్రకటించినప్పుడు ఎంత కలకలం రేగిందో గుర్తుందా? ఆ జాబితాలో ఎక్కువమంది మధ్యస్థాయి, పైస్థాయి ఉద్యోగులు. ఇంటర్ పిల్లల తల్లిదండ్రులు చూడవలసిన అంకెలు వేరే ఉన్నాయి. అదే సంస్థ 2021-22లో ఒక్క ఏడాదిలో లక్ష మంది ఫ్రెషర్లను చేర్చుకుంది. 2023-24కు వచ్చేసరికి దాని మొత్తం సిబ్బందే 13 వేలకు పైగా తగ్గింది. ఆ లక్ష ఉద్యోగాల కాలంలో, చుట్టూ అందరికీ ఆఫర్లు వస్తుంటే చూసి 2021లో బీటెక్‌లో చేరినవాళ్లు పట్టాలు పుచ్చుకున్నది 2025లో. నాలుగేళ్ల కోర్సుకు ఇవాళ్టి మార్కెట్ చూసి సీటు ఎంచుకోవడంలో ఉన్న చిక్కు ఇదే. దీనికి ఏఐ కూడా అక్కర్లేదు.

నిజానికి ఆ తగ్గుదలలో ఎక్కువ భాగాన్ని ఏఐ ఖాతాలో రాయడం అన్యాయం. కోవిడ్ కాలంలో కంపెనీలు అవసరానికి మించి చేర్చుకున్నాయి, ఆపైన అమెరికాలో వడ్డీరేట్లు పెరిగి క్లయింట్లు చేతులు ముడుచుకున్నారు. చాట్‌జీపీటీ బయటికొచ్చిందే 2022 నవంబరు 30న. ఫ్రెషర్ ప్యాకేజీ అంతకుముందు పదేళ్లుగా ఏడాదికి మూడున్నర లక్షల దరిదాపుల్లోనే తిరుగుతోందంటే ఆ పాపం సీట్లు అడ్డూ అదుపూ లేకుండా పెంచుకుంటూ పోయిన మనందరిదీ.

ఏఐ ఖాతాలో రాయదగినది ఇప్పుడిప్పుడే కనిపిస్తోంది. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన ఎరిక్ బ్రిన్యోల్ఫ్‌సన్ మరో ఇద్దరితో కలిసి అమెరికాలో లక్షలాది మంది జీతాల చిట్టాలు తిరగేసి 2025 ఆగస్టులో ఒక అధ్యయనం వెలువరించారు. ఏఐ ఎక్కువగా చొరబడిన పనుల్లో, అంటే కోడింగ్, కస్టమర్ సర్వీస్ వంటివాటిలో, 22 నుంచి 25 ఏళ్లవాళ్ల ఉద్యోగాలు మిగతావాటితో పోల్చి చూస్తే 13 శాతం తగ్గాయి. అవే పనుల్లో ఉన్న పెద్దవాళ్ల ఉద్యోగాలు మాత్రం నిలకడగా ఉన్నాయి, కొన్నిచోట్ల పెరిగాయి కూడా. ఇందులో వడ్డీరేట్ల ప్రభావం ఎంతో విడదీసి చూడాలని వాదించే ఆర్థికవేత్తలూ ఉన్నారు, ఆ వాదన ఇంకా నడుస్తోంది. కానీ మన బ్యాంకుల కథ తెలిసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యపోయేది ఏమీ లేదు.

కారణం కూడా దూరంగా లేదు. కంపెనీలో కొత్తగా చేరిన పిల్లాడు మొదటి రెండేళ్లు ఏం చేస్తాడు? ఎవరో రాసిన కోడ్‌లో తప్పులు వెతుకుతాడు, టెస్ట్ కేసులు రాస్తాడు, ఎక్కడో ఒక ఫారంలో రెండు గడులు పెంచుతాడు, రాత్రి షిఫ్టులో టికెట్లు క్లోజ్ చేస్తాడు. విసుగు పుట్టించే పనే. ఆ విసుగులోనే సిస్టమ్ ఎలా నడుస్తుందో, ఎక్కడ విరుగుతుందో వంటబట్టేది. మూడో ఏడాదికి క్లయింటుతో మాట్లాడే ధైర్యం వచ్చేది. ఇప్పుడు ఆ విసుగు పనిలో పెద్ద వాటా యంత్రానికి పోతోంది. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న మన సత్య నాదెళ్ల 2025 ఏప్రిల్‌లో, మైక్రోసాఫ్ట్ కోడ్‌లో 20 నుంచి 30 శాతం దాకా సాఫ్ట్‌వేరే రాస్తోందని చెప్పారు. మేడ అలాగే ఉంది, పైన గదులూ ఉన్నాయి, కింది రెండు మెట్లే తీసేశారు.

దేశం లెక్కల్లోనూ ఇది కొంత కనబడుతుంది. ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్ చెప్పినదాని ప్రకారం 2024-25లో మన టెక్నాలజీ రంగం ఆదాయం సుమారు 28 వేల 300 కోట్ల డాలర్లు, ముందటేడు కంటే దాదాపు 5 శాతం ఎక్కువ. పనిచేసేవాళ్లు 58 లక్షలు. ఆ ఏడాది కొత్తగా కలిసింది లక్షా ఇరవై ఆరు వేల మంది. దేశంలో ఏటా ఇంజినీరింగ్ పట్టా తీసుకునేవాళ్లు దానికి ఎన్నో రెట్లు. రంగం కూలిపోవడం లేదు. పెరుగుతూనే ఉంది, ఆ పెరుగుదలకు మునుపటంత మంది అవసరం పడటం లేదు. వృద్ధి, ఉద్యోగాలు కలిసి నడుస్తాయన్న మన పాత నమ్మకం ఇక్కడ సడలుతోంది. విశాఖపట్నంలో గూగుల్ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతానని 2025 అక్టోబరులో చెప్పిన డేటా సెంటర్ విషయం కూడా అంతే. కట్టేటప్పుడు కాంక్రీటు పని, కరెంటు పని, కూలింగ్ పని బోలెడు ఉంటుంది. కట్టాక అంత పెట్టుబడి మీద నిలబడే ఉద్యోగాలు ఒక మోస్తరు ఫ్యాక్టరీ ఇచ్చినన్ని కూడా ఉండకపోవచ్చు. ఉన్నవాటిలో ఎలక్ట్రికల్, మెకానికల్ డిప్లొమా వాళ్లకు చోటుంటుంది. పాలిటెక్నిక్ అంటే మొహం చిట్లించే తల్లిదండ్రులకు ఈ ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను.

యంత్రాన్ని శత్రువుగా చూడమని నా ఉద్దేశం కాదు. ఇదే బ్రిన్యోల్ఫ్‌సన్ అంతకుముందు వేరే సహచరులతో కలిసి ఐదు వేల పైచిలుకు కస్టమర్ సపోర్ట్ ఉద్యోగులను గమనించారు. ఏఐ సాయం ఇచ్చాక గంటకు వాళ్లు తేల్చే సమస్యలు సగటున 14 శాతం పెరిగాయి. కొత్తగా చేరినవాళ్లకు ఆ పెరుగుదల 34 శాతం. పండిపోయినవాళ్లకు దాదాపు ఏమీ లేదు. అనుభవజ్ఞుల కిటుకులను యంత్రం పట్టుకుని కొత్తవాళ్ల చెవిలో చెప్పిందన్నమాట. లోపలికి వెళ్లినవాడికి అది గురువు, గుమ్మం బయట నిలబడ్డవాడికి పోటీ. మీ పిల్లలు గుమ్మం దాటేదాకా మీరేం చేయగలరన్నదే అసలు ప్రశ్న.

డబ్బుతో మొదలుపెడతాను. మనం పిల్లలకు చేసే మేలూ కీడూ సగం దాని ద్వారానే జరుగుతాయి. పట్టా వచ్చిన నెలలోనే జీతం వస్తుందన్న లెక్క మీద ఇల్లు నడపకండి. ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు ఆలస్యం కావచ్చు. ఆ రెండేళ్లు పిల్లాడు తట్టుకోవడానికి కావలసిన డబ్బు, వాడు ఇంటర్‌లో ఉండగానే మేనేజ్‌మెంట్ కోటా సీటుకు పోసేయకండి. కంప్యూటర్ సైన్సు పక్కన ఏఐ అనో డేటా సైన్స్ అనో ఇంకో పేరు తగిలించిన సీటుకు ఎక్కువ అడుగుతున్నారా? కాలేజీకి వెళ్లి ఆ సబ్జెక్టు చెప్పే మాస్టారు ఎవరో చూపించమనండి. ఆయన ఎన్నేళ్లుగా అక్కడున్నారో, ల్యాబు వారానికి ఎన్ని గంటలో, సెకండియర్ పిల్లలు సొంతంగా రాసిన ప్రోగ్రాం ఏదైనా ఉందో అడగండి. పీఆర్వో మాట తడబడితే మీకు కావలసిన జవాబు వచ్చినట్టే. మొదటి రెండేళ్లు చెప్పే పాఠాలు ఈ బ్రాంచీలన్నిటికీ చాలావరకు ఒకటే. ఒక పేరు కోసం ఎకరం అమ్మేంత తేడా వాటి మధ్య లేదు.

అప్పు సంగతి. బ్యాంకు చదువు అప్పు మీద కోర్సు నడిచినన్నాళ్లూ, దాని తర్వాత సాధారణంగా ఒక ఏడాదీ వాయిదాలు అడగరు, నిజమే. వడ్డీ మాత్రం పేరుకుంటూనే ఉంటుంది. వీలైతే ఆ వడ్డీ నెలనెలా మీరే కట్టేయండి. అప్పు ఎంత పెద్దదైతే పిల్లాడు అంత తొందరగా ఏదో ఒకదాంట్లో దూకాల్సి వస్తుంది, మెల్లగా నేర్చుకునే వీలు అంత తగ్గుతుంది. అమెరికా ఎంఎస్ గురించి మరీ జాగ్రత్త. నలభై, యాభై లక్షలు అప్పు చేసి వెళ్లిన పిల్లకు చదువయ్యాక ఓపీటీ కింద ఒక ఏడాది, సైన్సు, ఇంజినీరింగ్ చదివితే ఇంకో రెండేళ్లు పనిచేసే వీలుంటుంది. మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. ఎంట్రీ లెవెల్ ఉద్యోగాలే పలచబడుతున్న చోట 90 రోజుల గడువుతో తిరగడం ఎలా ఉంటుందో ఊహించండి. పైగా 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. వెళ్లొద్దని అనను. అక్కడ ఏమీ దొరక్క తిరిగొచ్చినా ఇల్లు గడిచేంత అప్పులోనే వెళ్లనివ్వండి.

ఇదే సందర్భంలో చేదు మాట ఒకటి. అప్పు తరుముతున్నప్పుడే కన్సల్టెన్సీలవాళ్లు లేని అనుభవాన్ని కాగితం మీద పుట్టించే బేరం పెడతారు. కొన్ని ఇళ్లలో ఆ డబ్బు తండ్రే కడతాడు, "అందరూ అదే చేస్తున్నారు" అంటూ. దయచేసి చేయకండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికిపోతే పోయేది ఆ ఒక్క ఉద్యోగమే అయితే బాగుండును.

చదువు విషయంలో ఒక ప్రయోగం సంగతి ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవాలి. టర్కీలో ఒక హైస్కూల్లో దాదాపు వెయ్యి మంది పిల్లలతో లెక్కలు చేయించారు. కొంతమందికి మామూలు చాట్‌బాట్ ఇచ్చారు. జవాబు నేరుగా చెప్పకుండా దారి మాత్రమే చూపించే చాట్‌బాట్ ఇంకొంతమందికి ఇచ్చారు. మిగిలినవాళ్లకు ఏదీ ఇవ్వలేదు. అభ్యాసం చేసేటప్పుడు మామూలు చాట్‌బాట్ ఉన్నవాళ్లు 48 శాతం మెరుగ్గా చేశారు. తర్వాత అన్నీ తీసేసి పరీక్ష పెడితే, అసలేమీ లేకుండా చదువుకున్నవాళ్ల కంటే వాళ్లకు 17 శాతం తక్కువ వచ్చాయి. దారి మాత్రమే చూపించిన చాట్‌బాట్ వాడినవాళ్లకు ఆ నష్టం జరగలేదు. ఫోన్ లాక్కోవాలా వద్దా అని అడిగే తల్లులకు నా జవాబు ఇందులోనే ఉంది. లాక్కోవద్దు. ముందు అరగంట తనంతట తను తిప్పలు పడమనండి, తర్వాత అడగమనండి. జవాబు ఇమ్మని కాకుండా, "నేను చేసినదాంట్లో తప్పెక్కడ?" అని అడగమనండి. పెద్దవాళ్లూ దీనికి అతీతులు కారు. 2025లో 16 మంది ఆరితేరిన ప్రోగ్రామర్లను పరీక్షిస్తే, ఏఐ వాడినప్పుడు వాళ్లకు పనికి 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. వాళ్లు మాత్రం 20 శాతం తొందరగా అయిందని అనుకున్నారు!

ఇదివరకు అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టుపక్కల ఫైనలియర్ ప్రాజెక్టులు కొనుక్కునేవాళ్లు. రిపోర్టుతో సహా బైండు చేసి ఇచ్చేవాళ్లు. ఇప్పుడు ఆ ఖర్చు కూడా లేదు, ఫోన్‌లోనే ఒక రాత్రిలో తయారవుతుంది. మీకు కోడింగ్ రాకపోయినా దీన్ని పట్టుకోవచ్చు. భోజనాల దగ్గర ఆ ప్రాజెక్టు ఏం చేస్తుందో తెలుగులో చెప్పమనండి. ఎవరికి పనికొస్తుంది, తప్పుడు వివరాలిస్తే ఏమవుతుంది, ఇలాగే ఎందుకు చేశావు, ఇంకోలా ఎందుకు చేయలేదు? పరీక్ష పెట్టినట్టు అడక్కండి, కుతూహలంగా అడగండి. చెప్పలేక చిరాకు పడితే, అది వాడి చేత్తో అయిన పని కాదని వాడికే తెలుస్తుంది.

కొందరికి నాలుగేళ్లలో అసలు ప్రాజెక్టు దొరకదు. దాన్ని మీ చుట్టూ వెతకమనండి. మీ మరిది ఎరువుల దుకాణంలో అరువు ఖాతాలు, మీ కాలనీ అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కలు, మీరు పనిచేసే బడిలో హాజరు పట్టీ, ఏదైనా సరే. నిజమైన మనుషులు వాడి, తిట్టి, మళ్లీ దిద్దించుకున్న చిన్న ప్రోగ్రాం ఒకటి చేతిలో ఉంటే, కంపెనీలో మొదటి ఏడాది నేర్చుకునేదాంట్లో కొంత ఇంట్లోనే నేర్చుకున్నట్టు. ఎరువుల దుకాణదారుకు బస్తా ధర మధ్యలో మారితే పాత అరువుకు ఏ ధర వేయాలన్న చిక్కు ఏ సర్టిఫికెట్ కోర్సులోనూ ఉండదు.

ఒక పని గురించిన లోతైన తెలివి ఎందుకు కావాలో హైదరాబాద్ ఇదివరకే ఒకసారి చూసింది. 2000 ప్రాంతంలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఒక వెలుగు వెలిగింది. అమెరికా డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలు విని టైపు చేయడం. డిగ్రీ చదివిన అమ్మాయిలు ఫీజులు కట్టి నేర్చుకున్నారు. కొన్నేళ్లకు మాటను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ మెరుగుపడింది. టైపు చేసే పని తగ్గి, యంత్రం రాసింది దిద్దే పని మిగిలింది. దిద్దడానికి తక్కువమంది చాలు. పైగా వాళ్లకు జబ్బుల పేర్లు, మందుల మోతాదులు బాగా తెలియాలి, యంత్రం ఎక్కడ తప్పు విన్నదో పట్టుకోవాలంటే ముందు ఒప్పేమిటో తెలిసుండాలి కదా. వేళ్ల వేగం ఒక్కటే నేర్చుకున్నవాళ్లకు మార్కెట్లో చోటు లేకుండా పోయింది. కాబట్టి మీ అమ్మాయి కామర్స్ చదువుతానంటే, వ్యవసాయం బీఎస్సీ చేస్తానంటే, నర్సింగ్‌కు వెళ్తానంటే "అందులో ఏముంది" అనకండి. కంప్యూటర్ ఏ కోర్సులో ఉన్నా నేర్చుకోవచ్చు. బైపీసీ వాళ్లకూ ఒక ముక్క. ఏఐ రంగంలో తలపండిన జెఫ్రీ హింటన్ 2016లో, ఇక రేడియాలజిస్టులను తయారుచేయడం ఆపేయొచ్చన్నారు. ఆయనకు 2024లో భౌతికశాస్త్రం నోబెల్ వచ్చింది, రేడియాలజిస్టుల కొరత మాత్రం అమెరికాలో ఇంకా తీరలేదు.

అమ్మాయిల గురించి విడిగా చెప్పాలి. గత పాతికేళ్లలో మన జిల్లాల నుంచి ఒంటరిగా హాస్టల్‌కు వెళ్లి, సొంత జీతం అందుకున్న మొదటి తరం ఆడపిల్లల్లో చాలామందికి దారి ఇచ్చింది ఐటీ. ఉద్యోగం ఏడాది ఆలస్యమైతే అబ్బాయిని "ఇంకా ప్రయత్నించరా" అంటాం. అమ్మాయికి సంబంధాలు చూడటం మొదలుపెడతాం. మార్కెట్ మందగించినప్పుడు మొదట నష్టపోయేది ఈ పిల్లలే, అదీ కంపెనీ చేతిలో కాదు, మన చేతిలో. అన్నకు ఇచ్చిన రెండేళ్లే చెల్లెలికీ ఇవ్వండి.

ఇప్పటికే పట్టా చేతికొచ్చి పిల్లలు ఇంట్లో ఉన్నారా? ఆఫర్ లెటర్ ఇచ్చి నెలల తరబడి చేర్చుకోని కంపెనీల కోసం ఎదురుచూస్తున్నవాళ్లూ మీలో ఉంటారు. సాయంత్రం రాగానే "ఏమైంది?" అని అడగడం మానేయండి. ఏదైనా అయితే వాళ్లే చెబుతారు. పెళ్లిళ్లలో బంధువులు ప్యాకేజీ అడిగినప్పుడు పిల్లల ముందు మీరు తలదించుకోకండి. వాళ్లు మిమ్మల్ని చూసే తమ విలువ లెక్కేసుకుంటారు. ఉద్యోగం రాకపోవడానికి పదిమందికీ తగిలిన కారణాలున్నాయని మీకు తెలుసని వాళ్లకు తెలిస్తే చాలు, ఇంట్లో గాలి తేలికపడుతుంది. అయితే పగలంతా మంచం మీద ఫోన్‌తో గడిపేస్తే ఊరుకోమని కాదు. పొద్దున్నే లేచి ఇంటి నుంచి బయటికి వెళ్లే పని ఒకటి ఉండాలి, అది తక్కువ డబ్బుదైనా సరే.

అందుకు వాడుకోదగిన దారి ఒకటుంది, మన కాలేజీల్లో దాని గురించి గట్టిగా చెప్పేవాళ్లు తక్కువ. కేంద్ర ప్రభుత్వం నడిపే జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం, నాట్స్ అంటారు. డిగ్రీ, బీటెక్, డిప్లొమా అయినవాళ్లు ఏడాది పాటు ఏదైనా సంస్థలో పని నేర్చుకుంటారు, నెలనెలా స్టైపెండ్ వస్తుంది, నిర్ణయించిన కనీస స్టైపెండ్‌లో సగం ప్రభుత్వమే భరిస్తుంది. అందువల్ల చిన్న సంస్థలకు కూడా కొత్తవాళ్లను తీసుకోవడం బరువనిపించదు. ప్రభుత్వ రంగ సంస్థలు కూడా దీని ద్వారా పిల్లల్ని తీసుకుంటాయి. మన రెండు రాష్ట్రాల వ్యవహారం చెన్నైలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ బోర్డు చూస్తుంది, నమోదు అంతా ఆన్‌లైన్‌లోనే. స్టైపెండ్ చూసి "ఇంతేనా" అనకండి. బస్సు చార్జీలకూ మధ్యాహ్నం భోజనానికీ మీరు కొంత కలపాల్సి రావచ్చు, డొనేషన్ కింద కట్టకుండా మిగుల్చుకున్న డబ్బు అప్పుడు అక్కరకొస్తుంది. ఏడాది చివర చేతికి సర్టిఫికెట్ వస్తుంది, దాని కన్నా ముఖ్యంగా ఇంటర్వ్యూలో "ఇదివరకు ఎక్కడైనా పనిచేశావా?" అన్నప్పుడు అవునని నిజం చెప్పవచ్చు. పిల్లలు ఇంకా చదువుతుంటే, ఫైనలియర్ రెండో సెమిస్టర్‌లో ఉన్నప్పుడే నాట్స్ పోర్టల్ ఒకసారి మీరూ వాళ్లూ కలిసి చూడండి. ఆధార్, మార్కుల జాబితాలు, బ్యాంకు పాస్‌బుక్ దగ్గర పెట్టుకోండి, అన్నిట్లో పేరు ఒకేలా లేకపోతే ఇప్పుడే సరిచేయించండి.